హిమాయత్‌సాగర్ చేపకు దిక్కెవరు?

వానలు దండిగా కురిసి ఈసీ వాగు పొంగిన ఏడల్లా హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తుతారు. ఆ దృశ్యం చూడటానికి నగరం నుంచి జనం తండోపతండాలుగా తరలివస్తారు. దిగువన సర్వీసు రోడ్డు పక్కన వలలు, బుట్టలు, ఏమీ లేకపోతే పాత చీరలు పట్టుకుని మరికొందరు నీళ్లలో దిగుతారు. గేట్ల కింద కొట్టుకువచ్చే చేపల కోసం ఆ సందడి. చూసేవారికి అది వేడుకే. కాని అలా కొట్టుకువచ్చే ప్రతి చేపా ఎగువ గ్రామాల్లో వల మీద ఆధారపడి బతికే గంగపుత్రులకో, ముదిరాజులకో దక్కవలసిన కూలి. ప్రభుత్వం డబ్బు పెట్టి కొని వదిలిన పిల్లే అది. గేటు దాటిన తర్వాత అది మూసీ మురుగులో కలుస్తుంది. ఎన్ని చేపలు వదిలారు, ఎన్ని బతికాయి, ఎన్ని వలకు చిక్కాయి, ఎన్ని గేటు దాటాయి అని అడిగితే మాత్రం లెక్క చెప్పే నాథుడు లేడు.

ఈ జలాశయాన్ని చేపల కోసం కట్టలేదు, నిజమే. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తిన తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహా మేరకు నగరానికి ఎగువన రెండు కట్టలు వేశారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920 నాటికి, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927 నాటికి పూర్తయ్యాయి. వరదను ఆపడం, నగరానికి తాగునీరు ఇవ్వడం వీటి పని. హిమాయత్‌సాగర్‌లో నిండుగా ఉంటే దాదాపు మూడు టీఎంసీల నీరు నిలుస్తుంది. కట్టిన రోజుల్లో అది నగరానికి దూరంగా, పొలాల మధ్య ఉన్న చెరువు. ఇప్పుడు ఔటర్ రింగు రోడ్డు దాన్ని ఒరుసుకుంటూ పోతోంది. శంషాబాద్ విమానాశ్రయం, కళాశాలలు, ఫంక్షన్ హాళ్లు, ఫారంహౌసులు ఎగువ ప్రాంతాన్ని ఆక్రమించుకుంటూ వచ్చాయి. పల్లెచెరువుగా పుట్టినది పట్నం చెరువు అయింది. చెరువు మారింది గాని, అందులో చేపను చూసే పద్ధతి మారలేదు. ఏడాదికోసారి లారీలో సంచులు తెచ్చి నీళ్లలో ఒలకబోసి ఫొటో దిగడమే నేటికీ చేపల పెంపకం అనిపించుకుంటోంది.

అసలు పిల్లలను బయటి నుంచి తెచ్చి ఎందుకు వదలాలన్న ప్రశ్న గ్రామాల్లో చాలామందికి ఉంది. కొర్రమీను, జెల్ల, పరక వంటివి చెరువులోనే గుడ్లు పెట్టి పెరుగుతున్నప్పుడు బొచ్చె, రోహు, మృగాల ఎందుకు పెరగవు? ఈ మూడూ ఏటి చేపలు. నిలకడ నీటిలో ఎంత బలంగా పెరిగినా గుడ్లు మాత్రం పెట్టవు. వాటికి వాన కావాలి, కొత్త నీరు కావాలి, ప్రవాహం కావాలి. వాగు పొంగి వచ్చినప్పుడు ఎదురెక్కి, లోతు తక్కువ మేటల మీద గుడ్లు వదులుతాయి. చెరువు మత్తడి దూకినప్పుడు చేప ఎదురెక్కడం పల్లెల్లో పిల్లలకు సైతం తెలిసిన సంగతే. వాగు రెండు రోజులు ఉధృతంగా పారి మూడో రోజు సన్నగిల్లితే ఆ గుడ్లు ఒడ్డునే ఎండిపోతాయి. ఈసీ అలాంటి వాగు. పైన చెక్‌డ్యాములు, కుంటలు, ఇసుక గోతులు పెరిగాక అది మునుపటిలా రోజుల తరబడి పారడం అరుదైపోయింది. కనుక ఈ జాతుల పిల్లలను తెచ్చి వదలక తప్పదు. 1957 జూలై 10న డాక్టర్ హీరాలాల్ చౌధురి మందు సూదితో ఈ చేపల చేత గుడ్లు పెట్టించిన నాటి నుంచి దేశమంతటా అందుకు వీలు కలిగింది. ఆ రోజునే నేడు జాతీయ మత్స్య రైతు దినంగా జరుపుతున్నారు.

తెలంగాణ ప్రభుత్వం 2016లో చేపపిల్లల ఉచిత పంపిణీని ప్రారంభించింది. పథకం మంచిదే. కాని పిల్ల ఉచితమైనంత మాత్రాన చేప ఉచితంగా చేతికి రాదు. మూడు నాలుగు నెలలు నీరుండే కుంటలకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్ల, ఏడాది పొడవునా నీరు నిలిచే జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్ల అని నిబంధన ఉంది. ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది. చెరువులో మాత్రం అది బతుకుకూ చావుకూ మధ్య తేడా. హిమాయత్‌సాగర్ వంటి పాత జలాశయంలో కొర్రమీను, వాలుగ నోరు తెరుచుకుని కాచుకుని ఉంటాయి. వేలి కణుపంత పిల్లను వదిలితే అది వాటికి పెట్టిన విందే. అరచేతిలో అడ్డంగా పట్టేంత పిల్ల అయితేనే తప్పించుకుని తిరగగలదు. చిన్న పిల్ల లక్ష వదిలామని చెప్పుకోవడం కంటే పెద్ద పిల్ల పాతికవేలు వదలడమే మేలని వల పట్టినవారెవరైనా చెబుతారు. అయినా లెక్క ఎప్పుడూ లక్షల్లోనే వినిపిస్తుంది, కొలత వినిపించదు.

వదిలే వేళ కూడా ముఖ్యమే. ఆక్సిజన్ నింపిన సంచిలో ఎంతో దూరం ప్రయాణించి వచ్చిన పిల్లను మిట్టమధ్యాహ్నం ఎండలో గుమ్మరిస్తే సగం అక్కడే తేలిపోతుంది. సంచిని కాసేపు చెరువు నీటిలో తేలనిచ్చి, లోపలి వేడి, బయటి వేడి సమానమయ్యాక మూతి విప్పి, పిల్ల తనంతట తాను బయటికి ఈదేలా చేయాలి. తెల్లవారుజామునో పొద్దుగూకాకో ఈ పని జరగాలి. కట్ట దగ్గరి లోతు నీటిలో కాక, పైన గడ్డి మొలిచిన లోతులేని పాయల్లో వదలాలి. కారు ఆగే చోటు కట్టే కాబట్టి పిల్ల కూడా కట్ట దగ్గరే పడుతోంది. ఇక ఆగస్టులో పడవలసిన పిల్ల దీపావళి దాకా చేరకపోతే, చలికి ఎదుగుదల మందగించి, ఎండాకాలం నీరు తగ్గే వేళకు అరకిలో కూడా తూగదు. ఆ అరకిలో చేపనే అమ్ముకోక తప్పని స్థితి మత్స్యకారునిది.

ఏ చేప ఎంత వదలాలన్నదీ ఆలోచించవలసిన సంగతే. బొచ్చె పై నీటిలో సన్నని జీవాలను తింటుంది. రోహు నడిమి నీటిలో తిరుగుతుంది. మృగాల అడుగున మేస్తుంది. మూడంతస్తుల ఇంట్లో మూడు కుటుంబాల కాపురం వంటిది ఇది. ఒకే అంతస్తులో అందరినీ దింపితే మేత చాలదు. బంగారుతీగ బురదను కెలికే చేప. అది ఎక్కువైతే నీరు ఎప్పుడూ మడ్డిగానే ఉంటుంది, నీటిమొక్కల వేళ్లు తెగిపోతాయి. తాగునీటి చెరువులో దానిని తక్కువగా వదలడం మంచిది. ఏ అంతస్తులో మేత ఎంత ఉందో చూసి ఆ ఏటి పిల్లల పాళ్లు నిర్ణయించాలి. ప్రతి ఏటా ఒకే పాళ్లు, ప్రతి చెరువుకూ ఒకే పాళ్లు అన్న పద్ధతి పంపిణీదారుకు సుఖం, చెరువుకు కాదు.

కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. ధర పలికే చేప కూడా. పిల్లలను తింటుందని దాన్ని పూర్తిగా తీసేయాలనేవారున్నారు. అది సరి కాదు. పరకలు, చందమామలు, తిలాపియా పిల్లలు మితిమీరి పెరగకుండా అదుపు చేసేది వేటాడే చేపే. మొత్తంగా తుడిచేస్తే ఆ చిల్లర చేప బొచ్చె మేతను మింగేస్తుంది. కొర్రమీను తన పిల్లలకు కాపలా కాస్తుంది. ఎర్రటి పిల్లల గుంపు నీటిపై తిరుగుతుంటే తల్లి కిందనే ఉంటుంది. ఆ సమయంలో తల్లిని గాలానికి పట్టేవారు గుంపు మొత్తాన్ని చంపినవారవుతారు.

ఇక్కడ మన ఊళ్ల అలవాట్ల గురించి కూడా చెప్పుకోక తప్పదు. మృగశిర కార్తె ప్రవేశించిన నాడు చేప తినాలన్నది ఈ ప్రాంతపు ఆచారం. జూన్ 8 ప్రాంతంలో వచ్చే ఆ రోజుకు మార్కెట్లు కిటకిటలాడతాయి. ఆస్తమాకు మందని కొర్రమీను పిల్లలు మింగడానికి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. సరిగ్గా చేప కడుపున గుడ్డు నిండే కాలమూ అదే. ఆచారాన్ని ఎవరూ మానమనడం లేదు. కాని కార్తె గడిచి తొలి వరద వచ్చాక వాగు వెంట జరిగేది ఆచారం కాదు. చెక్‌డ్యాముల దగ్గర, కల్వర్టుల కింద ఎదురెక్కే చేపను కర్రలతో కొట్టి, బుట్టలు అడ్డం పెట్టి, దోమతెర వలలు కట్టి పట్టేస్తున్నారు. గుడ్డు నిండిన ఒక్క జెల్లను పట్టినా వేల గుడ్లు పోయినట్లే. పట్నంవారు చెరువును పాడు చేశారని నిందించే గ్రామాలు ఈ సంగతి కూడా పంచాయతీలో మాట్లాడుకోవాలి. నాటు బాంబులతో, విషంతో చేపను చంపడం 1897 నాటి భారత మత్స్య చట్టం నుంచీ నేరమే. నూట పాతికేళ్లు దాటినా ఆ నేరం అక్కడక్కడా సాగుతూనే ఉంది.

చెరువులోకి వచ్చిపడిన కొత్త చుట్టాల కథ వేరు. తిలాపియా 1952లో మన దేశానికి వచ్చింది. ఏడాదిలో పలుమార్లు ఈనుతుంది, గుడ్లను నోట్లో పెట్టుకుని కాపాడుతుంది, మురికి నీటిని కూడా తట్టుకుంటుంది. గుంపులు పెరిగే కొద్దీ పరిమాణం తగ్గిపోతుంది. వల నిండా పడినా కిలో ధర పలకదు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను కేంద్ర ప్రభుత్వం 2000లోనే నిషేధించింది. అయినా నగర శివార్లలో దొంగచాటు గుంతల్లో కోళ్ల వ్యర్థాలు వేసి పెంచుతూ పట్టుబడుతూనే ఉన్నారు. పెద్ద వాన పడితే గుంతలు పొంగి ఆ చేప వాగుల్లోకి చేరుతుంది. అది తినని ప్రాణి లేదు. అద్దాల పెట్టెలో పెంచి విసుగెత్తి చెరువులో వదిలే ముళ్ల చేప ఇంకొకటి. గ్రామాల్లో దాన్ని దెయ్యం చేప అంటున్నారు. తినడానికి పనికిరాదు, వలలో పడితే వలను చీరేస్తుంది. ఒక వల ఖరీదు మత్స్యకారుని ఎన్ని రోజుల సంపాదనో ఆ చేపను సరదాకు కొన్నవారికి తెలియదు. ఇలాంటివి దొరికినప్పుడు తిరిగి నీటిలో విసిరేయకుండా ఒడ్డున పూడ్చడం, తిలాపియాను ఏటా ప్రత్యేకంగా వేట వేసి తీసేయడం తప్పనిసరి.

వీటన్నిటికంటే పెద్ద ముప్పు మురుగు. చేపకు లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే హాయి. 3కు తగ్గితే ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఇంకా తగ్గితే తేలిపోతుంది. మురుగులోని ఎరువుతో నీరు పచ్చబారి, నాచు బలుస్తుంది. పగలు ఆ నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే పీల్చుకుంటుంది. అందుకే చేపలు చచ్చేది తెల్లవారుజామున. పొద్దున్నే లేచి చూసినవారు రాత్రి ఎవరో విషం కలిపారని అనుమానిస్తారు. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. చాలాసార్లు ఆ విషం ఏడాది పొడవునా పైపుల్లో వచ్చి చేరినదే. ఎండాకాలం చివర నీరు తగ్గి ఉన్నప్పుడు పడే తొలి వాన మరీ ప్రమాదం. కాలువల్లో నెలల తరబడి పేరుకున్న కుళ్లంతా ఒక్క గంటలో చెరువులోకి వస్తుంది.

హుస్సేన్‌సాగర్ సంగతి కళ్ల ముందే ఉంది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టిన ఆ చెరువు ఒకప్పుడు నగరానికి మంచినీళ్లిచ్చింది. నేడు దాని ఒడ్డున ముక్కు మూసుకోవలసి వస్తోంది. 2017లో పటాన్‌చెరు ప్రాంతంలోని గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలినప్పుడు మత్స్యకారులు పరిశ్రమల వ్యర్థాలే కారణమని గగ్గోలు పెట్టారు. హిమాయత్‌సాగర్ ఆ దారి పట్టకుండా నిలిచిందంటే కొంతవరకు 1996 మార్చిలో వచ్చిన 111 జీవో కారణం. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలకు, భారీ నిర్మాణాలకు అది అడ్డుకట్ట వేసింది. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ 69 జీవో వచ్చింది, వివాదం కోర్టుకెక్కింది. భూమి ధర పెరగక 84 గ్రామాల రైతులు నష్టపోయారన్న బాధలో న్యాయం లేకపోలేదు. నగరం తాగే నీటి కోసం పల్లె తన భూమిని బిగబట్టుకోవాలంటే, ఆ పల్లెకు నగరం ఏదో ఒకటి చెల్లించాలి. అది చెల్లించకుండా ముప్పై ఏళ్లు గడిపేసి, ఇప్పుడు ఆంక్షలెత్తేస్తే సరిపోతుందనడం రెండో తప్పు. ఎగువన ప్రతి కాలనీకి మురుగు శుద్ధి కేంద్రం లేకుండా ఆంక్షలు సడలితే ముందుగా చచ్చేది చేప, తర్వాత వల, ఆ తర్వాత కుళాయి.

చేప ఉండే చోటు అంటే నీరొక్కటే కాదు. అంచున మొలిచే గడ్డి, మునిగిన తుమ్మ చెట్ల మోడులు, రాళ్ల సందులు కూడా దాని ఇల్లే. పిల్ల దాక్కునేది అక్కడ, నత్తలు, పురుగులు దొరికేది అక్కడ. సుందరీకరణ పేరుతో ఒడ్డునంతా చదును చేసి, రాతి పేర్పు వేసి, నడకదారి పరిస్తే చూడటానికి బాగుంటుంది, చేపకు మాత్రం అది సిమెంటు తొట్టి. కనీసం వాగు కలిసే పై కొసలోనైనా మోడులను, గడ్డిని తాకకుండా వదిలేయాలి. గుర్రపుడెక్క సంగతి మాత్రం వేరు. అది నీటిని కప్పేసి ఊపిరాడనివ్వదు. దాన్ని ఎప్పటికప్పుడు లాగి ఒడ్డున దూరంగా వేయాలి, నీటి అంచున వేస్తే కుళ్లి తిరిగి చెరువులోకే చేరుతుంది.

నీరు వెనక్కి తగ్గినప్పుడు శిఖం భూముల్లో సాగు చేయడం పాత అలవాటు. పేద రైతుకు ఆ తడి నేల ఒక పంట. ఆ పంట మీద చల్లిన పురుగుమందు తొలి వానకు నేరుగా నీళ్లలోనే కలుస్తుందన్నది గుర్తుంచుకోవాలి. శిఖంలో పురుగుమందు కొట్టకూడదన్న ఒక్క నియమాన్ని గ్రామాలే తమకు తాము పెట్టుకోవచ్చు. అదే శిఖంలో గోడలు కట్టుకుని గేట్లు పెట్టుకున్న ఫారంహౌసుల వారిని మాత్రం నియమాలతో కాదు, చట్టంతోనే దించాలి. 2024లో ఏర్పడిన హైడ్రా గండిపేట వైపు కొన్ని కట్టడాలను కూల్చింది. ఆ పని బలవంతుల గోడల దగ్గర ఆగిపోకూడదు.

నీటిమట్టం మరో సమస్య. 2015-16 కరువులో జంట జలాశయాలు అడుగంటి, నగరానికి సరఫరా నిలిచింది. 2020 అక్టోబర్‌లో గేట్లెత్తి వదిలేంత నీరు వచ్చింది. ఒక ఏడు ఎండిపోవడం, మరో ఏడు పొర్లిపోవడం చెరువు చేతిలో లేదు. కాని రెండింటి మధ్య చేయగలిగినది ఉంది. ఎండాకాలంలో ఇంత మట్టానికి తగ్గాక నీరు తీయరాదన్న గీత ఒకటి ఉండాలి. ఆ గీత కింద మిగిలే మడుగులోనే మరుసటి ఏటికి తల్లి చేప బతుకుతుంది. గేట్లెత్తే ముందు మత్స్యకార సంఘాలకు ఒక పూట ముందుగా కబురందితే, గేట్లకు ఎగువన అడ్డు వలలు కట్టో, వేట వేసో పెద్ద చేపలో కొంత భాగం దక్కించుకోగలరు. వరద ఉధృతిలో అది సాధ్యం కాదు, ప్రాణాపాయం కూడా. అందుకే ముందు కబురు కావాలి. గోదావరి నీటిని మల్లన్నసాగర్ నుంచి జంట జలాశయాలకు తెచ్చే పథకానికి 2025లో శంకుస్థాపన జరిగింది. ఆ నీరు వస్తే మట్టం నిలకడగా ఉంటుంది, చేపకు మేలు. కాని ఒక నది నీటితో పాటు ఆ నదిలోని పనికిరాని చేప గుడ్డు కూడా వస్తుంది. పైపు దగ్గర ఏ జల్లెడ పెడతారో ఇప్పుడే అడగాలి.

ఎవరిని అడగాలన్నదే చిక్కు. గేట్లు జలమండలి చేతిలో. పిల్లలు మత్స్యశాఖ చేతిలో. మురుగు సంగతి కాలుష్య నియంత్రణ మండలికి చెప్పాలి. శిఖం భూమి రెవెన్యూ వారిది. చేప మాత్రం ఈ నాలుగు ఫైళ్లలో ఏదీ చూసుకోకుండా ఈదుతుంటుంది. హిమాయత్‌సాగర్‌కు కొద్ది దూరంలోనే, రాజేంద్రనగర్ దగ్గర, జాతీయ మత్స్య అభివృద్ధి మండలి కార్యాలయం ఉంది. ఆ భవనాన్ని అచ్చం చేప ఆకారంలోనే కట్టారు, దారిన పోయే పిల్లలు బస్సు కిటికీల్లోంచి చూసి మురిసిపోతుంటారు. దేశం మొత్తానికి జలాశయాల్లో చేపలు ఎలా పెంచాలో చెప్పే సంస్థ అది. దాని నీడ పడేంత దూరంలో ఉన్న చెరువును ఆదర్శంగా చూపాలన్న ఆలోచన రావలసింది.

తాగునీటి చెరువులో చేపలు పట్టడమే వద్దని వాదించేవారున్నారు. పడవలు, వలలు నీటిని పాడు చేస్తాయన్నది వారి భయం. పంజరాల్లో చేపలు పెంచి మేత గుప్పించడం గురించి అయితే ఆ భయం సరైనదే. తిన్నది పోను మిగిలిన మేత, పెంట అడుగున పేరుకుని నాచును పెంచుతుంది. హిమాయత్‌సాగర్‌లో అటువంటి పెంపకాన్ని అనుమతించరాదు. కాని మేత వేయకుండా, చెరువులో పుట్టినదే తిని పెరిగిన చేపను పట్టి బయటికి తీయడం వేరు. చేపతో పాటు నీటిలో చేరిన ఎరువు కూడా కొంత బయటికి పోతుంది. పైగా రోజూ తెల్లవారుజామున తెప్ప మీద చెరువంతా తిరిగే మత్స్యకారునికి మించిన కాపలాదారు జలమండలికి దొరకడు. ఏ మూల నురగ వస్తున్నది, ఏ రాత్రి ట్యాంకరు వచ్చి మురుగు గుమ్మరించింది, ఏ పాయలో చేప నోరు పైకెత్తి గాలి పీలుస్తున్నది అతనికి తెలిసినంతగా నెలకోసారి సీసాలో నీరు పట్టుకుపోయేవారికి తెలియదు. అతని మాటను ఫిర్యాదుగా రాసుకునే మనిషి ఒకరు కావాలి, అంతే.

తొలి వరద నుంచి రెండు నెలల పాటు వేట ఆపితే చెరువుకు మేలని సంఘాల పెద్దలు కూడా ఒప్పుకుంటారు. ఆ రెండు నెలలు పొయ్యి ఎలా వెలగాలన్నదే వారి ప్రశ్న. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం, ఆ కాలానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్స్యకారులకు భృతి ఇస్తోంది. సముద్రం మీద బతికేవానికి ఉన్న ఆకలే చెరువు మీద బతికేవానికీ ఉంది. పిల్లల కొనుగోలుకు పెట్టే డబ్బులో కొంత తగ్గించి అయినా ఆ భృతి ఇవ్వడం లాభమే. పెద్ద పిల్లను కొద్దిగా వదిలి, రెండు నెలలు చెరువును కదపకుండా ఉంచితే వచ్చే దిగుబడి, చిన్న పిల్లను లక్షల్లో గుమ్మరించి ఏడాదంతా దోమతెర లాగితే రాదు. అయితే భృతి తీసుకుని రాత్రిపూట వల వేసేవారిని సంఘమే పట్టుకుని బయటపెట్టాలి. ఆ కఠినత్వం లేకపోతే అధికారులను నిలదీసే హక్కు కూడా బలహీనపడుతుంది.

ఈ ఏడు పిల్లలు వదిలే రోజున కొత్వాల్‌గూడ, అజీజ్‌నగర్ వైపు గ్రామాల నుంచి నలుగురేసి పెద్దలు వెళ్లి నిలబడటం మంచిది. ఒక సంచి విప్పించి పిల్లలను ఎంచాలి, పది పిల్లలను స్కేలు మీద కొలవాలి. సంఖ్య, కొలత, తేదీ పంచాయతీ గోడ మీద సున్నంతో రాయించాలి. వేట మొదలయ్యాక ఏ జాతి ఎన్ని కిలోలు పడిందో సంఘం ఒక పుస్తకంలో రోజూ రాసుకోవాలి. నోటు పుస్తకం ధర ఒక పరక బుట్ట ధరకు మించదు. మరుసటి ఏడు లారీ వచ్చినప్పుడు ఆ పుస్తకం చేతిలో ఉంటే మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.